వానచుక్క కలిపిన పాఠాలు

అమెరికాలో బడికి వెళ్ళే పిల్లలున్న తెలుగు ఇళ్ళలో "ప్రాజెక్టు" అన్న మాట తెలియనివారుండరు. గడువు రేపనగా అట్టలు, జిగురు, రంగు కాగితాలు భోజనాల బల్లను ఆక్రమిస్తాయి. సైన్సు, గణితం, సాంఘికశాస్త్రం, భాష కలిపి చేయవలసిన ప్రాజెక్టయితే, ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క పేరా అతికించడంతో పని ముగుస్తుంది. విషయాలు పక్కపక్కన నిలుస్తాయి గాని ఒకదానితో ఒకటి కలియవు.

ప్రాజెక్టు పద్ధతికి విశేష ప్రాచుర్యం కలిగించినది 1918లో విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ ప్రచురించిన వ్యాసం. విద్యార్థి ఒక ప్రయోజనాన్ని ఉద్దేశించి, మనఃపూర్వకంగా చేసే పనినే ఆయన ప్రాజెక్టు అన్నాడు. ఆ ప్రయోజనం ఏ ఒక్క శాస్త్రమూ ఒంటరిగా సమాధానం చెప్పలేని ప్రశ్న అయినప్పుడే విషయాల మధ్య నిజమైన సమన్వయం ఏర్పడుతుంది. అటువంటి ప్రశ్నకు కొలరాడో రాష్ట్రంలోని ఒక నగరం చక్కని నిదర్శనం.

ఒకే ఊరు, రెండు వానలు

1997 జూలై 28న ఫోర్ట్ కాలిన్స్ నగరాన్ని ఆకస్మికంగా వరద ముంచెత్తింది. అయిదుగురు మరణించారు. నగరపు పడమటి అంచున సుమారు 31 గంటలలో 14 అంగుళాలకు మించి వాన కురియగా, కొద్ది మైళ్ళ దూరంలోని తూర్పు భాగాన కొద్దిపాటి వానే పడింది. అక్కడక్కడ ఉన్న వాతావరణ కేంద్రాలకు ఈ భేదం పూర్తిగా అందలేదు. పౌరుల ఇళ్ళ నుండి కొలతలు సేకరించి పటం గీసిన తరువాతనే అది స్పష్టపడింది. ఆ అనుభవం నుండి 1998లో "కోకోరాజ్" అనే స్వచ్ఛంద వర్షమాపన సంఘం పుట్టింది. నేడు దానిలో బడులు కూడ పాల్గొంటున్నాయి.

స్కూలు డిస్ట్రిక్టులోని బడులు ఊరంతటా విస్తరించి ఉంటాయి. బడికొక వర్షమాపకం ఉంచితే, ఒక్క బడికి సాధ్యం కాని పటం అన్ని బడులకూ కలిసి సాధ్యమవుతుంది.

పాఠాలు కలిసే తీరు

ఈ సంఘం వాడే గొట్టపు మూతి వ్యాసం 4 అంగుళాలు. లోపలి సన్నని గొట్టపు వైశాల్యం మూతి వైశాల్యంలో పదవ వంతు. అందువలన ఒక అంగుళం వాన దానిలో పది అంగుళాల ఎత్తున నిలుస్తుంది. అంగుళంలో నూరవ వంతును సైతం కంటితో చదవవచ్చు. మరి లోపలి గొట్టపు వ్యాసం 0.4 అంగుళం కాక సుమారు 1.26 అంగుళాలు ఎందుకుండాలి? వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక. గణిత పాఠం ఇక్కడే మొదలవుతుంది.

ఒక చదరపు మైలుపై ఒక అంగుళం వాన కురిస్తే దాదాపు 1 కోటి 74 లక్షల గాలన్ల నీరు. ఆ నీరు నేలలో ఎంత ఇంకుతుందన్నది సైన్సు. తారు పరచిన ఊరిలో ఎవరి వీధి మునుగుతుందన్నది సాంఘికశాస్త్రం. ఆ సంగతి నగరపాలకులకు అర్థమయ్యేలా వ్రాయడం భాష.

డిస్ట్రిక్టు చేయవలసినది

మొదటిది, కొలత పద్ధతి అన్ని బడులలో ఒకటిగా ఉండాలి. అందరూ ఒకే వేళకు చదవాలి. వాన లేని నాడు సున్న వ్రాయాలి, ఖాళీగా వదలరాదు. వాన పడకపోవడం వేరు, కొలవకపోవడం వేరు. శని, ఆదివారాల నీటిని సోమవారపు వానగా చూపరాదు. మూడు దినాల మొత్తమనే వ్రాయాలి. ఒక్క బడి అశ్రద్ధ చేసినా ఊరి పటమంతా తప్పుతుంది.

రెండవది, వేర్వేరు విషయాల ఉపాధ్యాయులు కలిసి కూర్చుని ప్రణాళిక వేసుకొనడానికి పనివేళలలోనే సమయం కేటాయించాలి. మూడవది, అట్ట అందానికి గాక, కొలతలను ఆధారం చేసుకొని విద్యార్థి సాగించిన తర్కానికి మార్కులివ్వాలి. నాల్గవది, ఈ ఏటి లెక్కలు వచ్చే ఏటి తరగతికి అందాలి. ఏళ్ళు గడిచేకొద్దీ వాటి విలువ పెరుగుతుంది.

ఇంటి పాత్ర

తెలుగునాట రైతు వానను "పదును" తో కొలిచేవాడు. తడి నేలలోకి ఎంత లోతు దిగిందో చూసేవాడు. తాతగారిని అడిగి ఆ కొలత తెలుసుకొని, వాన వెలిసిన తరువాత పెరటిలో తవ్వి చూసి, గొట్టపు లెక్కతో పోల్చిన బాలిక ప్రాజెక్టు ఏ అట్టకూ తీసిపోదు. తల్లిదండ్రులు జిగురు పట్టుకొనవలసిన పని లేదు. "ఇది నీకెలా తెలిసింది?" అని ఒక్క ప్రశ్న వేసి, సమాధానం ఓపికగా వింటే చాలు.