గాలి కన్ను

డెన్మార్కువారు కిటికీని ‘వెన్‌డు’ అంటారు. ఇది పైకి ఒకే పదం, నిజానికి సమాసం. దీని పూర్వరూపం ‘విండౌగ’. ప్రాచీన నార్స్ భాషలో ‘విండ్’ అంటే గాలి, ‘ఔగ’ అంటే కన్ను. గాలి యొక్క కన్ను - షష్ఠీ తత్పురుష.

కిటికీకి గాలితో పేరెందుకు? ఆనాటి ఇళ్ళకు గాజు పలకలు లేవు. ఇంటి నడుమ పొయ్యి, కప్పులో రంధ్రం. పొగ పోయేదీ, వెలుతురు వచ్చేదీ అందులోనుంచే. చలిగాలి అడగకుండానే వచ్చేది!

9వ శతాబ్దంలో డేన్లు ఇంగ్లండు తూర్పు భాగంలో స్థిరపడ్డారు. వారి మాటే ఆంగ్లంలో ‘విండో’ అయింది. అంతకుముందు ఆంగ్లేయులకు సొంత మాట ఒకటి ఉండేది. దాని అర్థం ‘కంటి రంధ్రం’. వలస వచ్చిన మాట నిలిచింది, ఇంటి మాట పోయింది.

సంస్కృతం నుండి తెలుగులోకి వచ్చిన ‘గవాక్షం’లోనూ కన్నే ఉంది: ఆవు కన్ను వంటిది అని. మీనాక్షి, కామాక్షి అనే పేర్లు వినేవారికి ఆ కన్ను సులువుగా పోలుతుంది. డేన్లకు ఆ వీలు లేదు. నేడు వారి భాషలో కన్ను ‘ఓయె’. సమాసంలోని కన్ను మాత్రం వేరే దారిలో అరిగిపోయింది. రాతలో దాని చివరి మూడక్షరాలు విడదీస్తే పావురమనే మాట తేలుతుంది. పావురానికీ కిటికీకీ ఇక్కడ ఏ సంబంధమూ లేదు.

తమిళనాట వినిపించే ‘జన్నల్’ పోర్చుగీసు ‘జనెల’ నుండి వచ్చింది. అందులో గాలీ లేదు, కన్నూ లేదు. దాని లాటిన్ మూలానికి అర్థం ‘చిన్న వాకిలి’.