నీడతో ఒక వారం: మస్కట్ బడిపిల్లలకు ఒక పాఠం

ప్రవాసంలో పెరుగుతున్న మన చిన్నారులు కర్కటరేఖ ఏయే దేశాల మీదుగా పోతుందో తడుముకోకుండా చెప్పగలరు. అయితే ఆ రేఖ తాము నివసించే మస్కట్ నగరానికి కొద్ది కిలోమీటర్ల దక్షిణంగానే పోతున్నదని గాని, అందువల్ల ఇక్కడ మిట్టమధ్యాహ్నపు నీడ ఏనాడూ దక్షిణ దిక్కుకు పడదని గాని ఎందరు గమనించి ఉంటారు? పుస్తకంలో చదివినది కళ్ళతో చూసినదిగా మారనంతవరకు అది జ్ఞానం కాదు, జ్ఞాపకం మాత్రమే.

మరొక లోటు కూడా ఉన్నది. సెలవురోజున స్వదేశంలోని తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేసినప్పుడు పిల్లల సంభాషణ "బాగున్నాను, తిన్నాను" అన్న రెండు మాటలతో ముగిసిపోతున్నది. చెప్పుకొనడానికి ఉమ్మడి విషయమేదీ లేకపోవడమే అందుకు కారణం. ఈ రెండు లోట్లనూ ఒకే పనితో తీర్చవచ్చును. ఆ పనికి కావలసినవి మీటరు పొడవు గల తిన్నని కర్ర, సుద్దముక్క, దారం, కొలబద్ద, కోణమానిని. కావలసిన కాలం ఒక వారం.

ఒమాన్‌లో 2013 నుండి శుక్ర, శనివారాలు సెలవుదినాలు. కనుక బడివారం ఆదివారంతో ఆరంభమై గురువారంతో ముగుస్తుంది. సెప్టెంబరు 22 లేదా 23వ తేదీన సూర్యుడు సరిగా భూమధ్యరేఖకు ఎదురుగా ఉంటాడు. పగలు, రాత్రి దాదాపు సమానమవుతాయి. దీనినే విషువత్తు అంటారు. ఆ తేదీ వచ్చే వారాన్ని నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఈ పాఠానికై ఎంచుకోవాలి. ఎండలో నిలిచే కొద్ది నిమిషాలు కూడా తలకు టోపీ, చేతిలో మంచినీళ్ళు ఉండాలి. సూర్యుణ్ణి సూటిగా చూడరాదని ముందే గట్టిగా చెప్పాలి. మనం చూడవలసినది నీడనే.

ఆదివారం: పిల్లలు ఇద్దరిద్దరుగా జతకట్టి బడి ఆవరణలో ఒకరి నీడను మరొకరు సుద్దతో గీయాలి. ఉదయం ఒకసారి, గంట తరువాత ఒకసారి, మధ్యాహ్నం మరొకసారి అదే పాదముద్రలలో నిలబడి గీయాలి. పొడవుగా సాగిన నీడ ఎలా కుంచించుకుపోయిందో, ఏ దిక్కుకు జరిగిందో వారే చెబుతారు. ఆ మూడు ఆకారాలకు రంగులు వేయించితే అదే ఆనాటి చిత్రలేఖన పాఠం.

సోమవారం: నీడకు ఒమాన్ దేశంలో గల విలువ తెలుసుకోవాలి. ఇక్కడ సుమారు 3000 ఫలజ్‌లు నేటికీ నీరు పారిస్తున్నాయి. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో కలిపి ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ కాలువల నీటిని రైతులు కాలం ప్రకారం పంచుకున్నారు. పగటివేళ కర్ర నీడను చూసి, రాత్రివేళ నక్షత్రాలను చూసి వంతులు లెక్కించుకున్నారు. పిల్లలు ఇసుకలో చిన్న కాలువ తీసి, కర్ర నీడ ఒక గీత నుండి మరొక గీతకు చేరేవరకు ఒక జట్టు, ఆపైన మరొక జట్టు నీరు పెట్టుకోవాలి. న్యాయంగా పంచుకొనడానికి కొలత ఎందుకు కావాలో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మంగళవారం: అట్టతో నీడగడియారం చేయాలి. నీడనిచ్చే త్రికోణపు అట్టను 24 డిగ్రీల కోణంలో కత్తిరించి, దాని వాలు ఉత్తరానికి ఎత్తుగా ఉండేటట్లు నిలపాలి. బడిగంట మోగినప్పుడల్లా నీడ అంచున గీత గీయాలి. అన్నవరం సత్యనారాయణస్వామి కొండమీది నీడగడియారాన్ని సెలవులలో చూసివచ్చిన పిల్లలుంటే, దానిని గురించి తరగతికి తెలుగులో చెప్పించాలి.

బుధవారం: ఇది అసలు కొలత. కర్రను నిటారుగా నిలపాలి. దారానికి రాయి కట్టి వేలాడదీస్తే కర్ర ఒరిగిందో లేదో తెలుస్తుంది. 11.45 నుండి 12.15 వరకు ఐదు నిమిషాలకొకసారి నీడను కొలిచి, అన్నిటికన్న చిన్నదానిని వ్రాసుకోవాలి. మస్కట్‌లో అది సుమారు 44 సెంటీమీటర్లు వస్తుంది. అదే వారంలో రాజమహేంద్రవరంలోని తాతయ్య తన పెరటిలో అదే విధంగా కొలిస్తే సుమారు 31 సెంటీమీటర్లు వస్తుంది. మబ్బు పడితే మరునాడు కొలవవచ్చును. ఒక రోజు తేడాకు నీడ ఒక సెంటీమీటరు కూడా మారదు. సలాలాలో ఉన్న స్నేహితులనూ కొలవమనండి. వారి నీడ రాజమహేంద్రవరపు నీడతో సమానంగా వస్తుంది. ఎందుకంటే ఆ రెండు ఊళ్ళూ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదనే ఉన్నాయి.

గురువారం: కర్రను 10, నీడను 4.4 సెంటీమీటర్లుగా కాగితం మీద గీసి, కర్ర కొనవద్ద కోణాన్ని కొలవాలి. మస్కట్‌కు 24 డిగ్రీలకు కొంచెం తక్కువ, రాజమహేంద్రవరానికి 17 వస్తాయి. విషువత్తునాడు ఈ కోణమే ఆ ఊరి అక్షాంశం. తేడా సుమారు ఆరున్నర డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున మనం తాతయ్యగారి ఊరికన్న 700 కిలోమీటర్లకు పైగా ఉత్తరంగా ఉన్నామని తేలుతుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఎరటోస్తనీస్ ఈజిప్టులో ఇటువంటి నీడ కోణంతోనే భూమి చుట్టుకొలతను గణించాడు. మన జ్యోతిర్గణితంలోనూ పన్నెండు అంగుళాల శంకువు విషువత్తునాటి మధ్యాహ్నం వేసే నీడకు "పలభ" అని పేరు. మస్కట్ పలభ సుమారు అయిదుంబావు అంగుళాలు. రాజమహేంద్రవరపు పలభ నాలుగుకు కొంచెం తక్కువ. పంచాంగం చూసే తాతయ్యకు ఈ మాట చెబితే సంభాషణ ఎంతసేపు సాగుతుందో చూడండి!

చివరి గంటలో ప్రతి విద్యార్థీ తన కొలతను, బొమ్మను జతచేసి తాతయ్యకో అమ్మమ్మకో తెలుగులో ఒక ఉత్తరం వ్రాయాలి. అక్షరదోషాలు దొర్లినా ఫరవాలేదు. చెప్పవలసిన విషయం ఉన్నప్పుడు భాష దానంతట అదే వస్తుంది.

ఈ పాఠానికి ఒక మిగులు కూడా ఉన్నది. జూన్ 21 నాటి మధ్యాహ్నం మస్కట్‌లో కర్రకు నీడ దాదాపు కనిపించదు. కాని అప్పటికి చాలా కుటుంబాలు వేసవి సెలవులకు స్వదేశం చేరి ఉంటాయి. ఆనాడు రాజమహేంద్రవరంలో ఆకాశం తేటగా ఉంటే తాతామనవలు కలిసి అదే కర్రను పెరటిలో నిలపాలి. నీడ పదకొండు సెంటీమీటర్లే ఉంటుంది. అయితే మస్కట్‌లో ఎన్నడూ చూడని విధంగా దక్షిణానికి పడుతుంది. కారణమేమిటో పెద్దలు చెప్పరాదు. మనవడే తాతయ్యకు చెప్పాలి.