గడప దాటని వీడియో

పిల్లలూ! మీ ఇంట్లో పాత వీడియో క్యాసెట్లు ఉన్నాయేమో పెద్దలను అడగండి. 1980లలోను, 1990లలోను అమెరికాలోని తెలుగువారికి స్వదేశం నుండి పెళ్ళి క్యాసెట్లు వచ్చేవి. ఆత్రంగా వీ.సీ.ఆర్.లో పెడితే బొమ్మ సరిగా వచ్చేది కాదు. ఇందుకు కారణమేమి? భారతదేశంలో టెలివిజన్ ‘పాల్’ పద్ధతిలో నడిచేది. అందులో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికాలోని ‘ఎన్.టి.ఎస్.సి.’ పద్ధతిలో 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. కనుక చాలామంది క్యాసెట్టును దుకాణంలో ఇచ్చి పద్ధతి మార్పించుకొనేవారు. ఇంటి వేడుక అపరిచితుల చేతికి వెళ్ళక తప్పేది కాదు.

నేడు క్యాసెట్టు స్థానంలో ఫైలు వచ్చింది. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. ఫోనులో తీసిన వీడియో ఒక్కొక్కప్పుడు వేరొక కంప్యూటరులో తెరుచుకోదు. లేదా మాట వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు. ఎందుచేత?

ఫైలు పేరు చివర ఎం.ఓ.వి., ఎం.పి.4, వెబ్‌ఎం వంటి గుర్తులు ఉంటాయి. ఇవి పెట్టెల పేర్లు అనుకోండి. పెట్టెలో బొమ్మలు, ధ్వని సర్ది ఉంటాయి. బొమ్మలను ఉన్నవి ఉన్నట్లు సర్దితే ఏ పెట్టే చాలదు. లెక్క చూడండి. అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలున్న బొమ్మలో మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగుకు 3 బైట్లు. సెకనుకు 30 బొమ్మలు. అంటే ఒక్క సెకనుకే 18 కోట్ల బైట్లు దాటుతాయి! అందువలన బొమ్మలను కుదిస్తారు. వెనుకనున్న గోడ కదలకుండా ఉంటే దానిని ప్రతి బొమ్మలోను తిరిగి వ్రాయరు. మారినదానినే వ్రాస్తారు. ఇలా కుదించి, మళ్ళీ విప్పే పద్ధతిని ‘కోడెక్’ అంటారు. హెచ్.264 అనే కోడెక్ 2003లో, హెచ్.265 2013లో వెలువడ్డాయి. ఆ కోడెక్ తెలియని యంత్రం వీడియోను చూపలేదు.

రూపం మార్చడం రెండు విధాలు. ఆవకాయను జాడీలో నుండి సీసాలోకి మార్చితే రుచి మారదు. అలాగే లోపలి బొమ్మలను ముట్టుకోకుండా పెట్టెను మాత్రమే మార్చవచ్చు. పని త్వరగా అవుతుంది, నష్టముండదు. కోడెక్ మార్చడం వేరు. ‘కల’, ‘కళ’ అనే మాటలను ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసి చూడండి. రెండూ ఒకే తీరుగా ఉంటాయి. తిరిగి తెలుగులో వ్రాయబోతే ఏది ఏదో తెలియదు. కోడెక్ మార్చినప్పుడు కూడా కొన్ని సూక్ష్మమైన వివరాలు పోవచ్చు. పోయినవి తిరిగి రావు. కనుక అసలు ఫైలును చెరపకూడదు.

ఈ పనిని ఉచితంగా చేస్తామనే వెబ్ పుటలు అనేకం. చాలావాటికి మన ఫైలును పంపాలి. అది వేరొకరి కంప్యూటరుకు చేరుతుంది. అక్కడ ఎంతకాలం ఉంటుందో, ఎవరు చూస్తారో మనకు కనబడదు. మరొక ప్రమాదం కూడా ఉంది. ఉచితంగా ఫైళ్ళు మార్చే పనిముట్ల పేరుతో మోసగాళ్ళు హానికరమైన ప్రోగ్రాములను పంపుతున్నారని 2025 మార్చిలో డెన్వరు నగరంలోని ఎఫ్.బి.ఐ. కార్యాలయం ప్రజలను హెచ్చరించింది.

మరి దారి ఏది? ఫ్రాన్సు దేశస్థుడైన ఫాబ్రిస్ బెల్లార్ 2000లో ‘ఎఫ్.ఎఫ్.ఎంపెగ్’ అనే ప్రోగ్రామును ప్రారంభించాడు. అది వీడియోల రూపం మారుస్తుంది. ఇటువంటి పెద్ద ప్రోగ్రాములు బ్రౌజరులోనే నడవడానికి ‘వెబ్‌అసెంబ్లీ’ అనే ఏర్పాటు వచ్చింది. 2017లో నాలుగు ప్రధాన బ్రౌజర్లు దానిని స్వీకరించాయి. 2019 డిసెంబరు 5న అది వెబ్ ప్రమాణమైంది. పూర్వం ధాన్యాన్ని మరకు మోసుకొని పోయేవారు. ఇది మరే మన ముంగిటికి వచ్చినట్లు. పుట తెరవగానే ప్రోగ్రాము మన కంప్యూటరుకు వస్తుంది, పని అక్కడే జరుగుతుంది. ఫైలు గడప దాటదు. అయితే మెమరీ పరిమితం కనుక చాలా పెద్ద వీడియోలకు ఇది చాలకపోవచ్చు. అప్పుడు పెద్దల సహాయంతో ఎఫ్.ఎఫ్.ఎంపెగ్‌ను కంప్యూటరులోనే స్థాపించుకోవచ్చు.

“మీ ఫైలు ఎక్కడికీ పోదు” అని పుటలో వ్రాసి ఉన్నంత మాత్రాన నమ్మరాదు. పరీక్షించాలి. ఆ వీడియోలో ఉన్నది మన అమ్మమ్మ, మన చెల్లెలు. దానిని ఎవరికి చూపాలో నిర్ణయించవలసినది ఇంటివారే.

కొత్త మాటలు
అపరిచితులు = పరిచయం లేనివారు
కుదించు = చిన్నది చేయు
ప్రమాణం = అందరూ అంగీకరించిన పద్ధతి

ప్రశ్నలు
1. పాల్ క్యాసెట్టు అమెరికాలో ఎందుకు సరిగా ఆడేది కాదు?
2. పెట్టెకు, కోడెక్‌కు భేదమేమి?
3. ఒక్క నిమిషం వీడియోను కుదించకపోతే ఎన్ని బైట్లవుతుంది? లెక్కకట్టండి.
4. ‘కల’, ‘కళ’ వంటి జంటలు మరి రెండు వ్రాయండి.

చేసి చూడండి
పెద్దల అనుమతితో, ఇంటివారెవరూ లేని చిన్న వీడియోను ఎన్నుకోండి. రూపం మార్చే పుట పూర్తిగా తెరుచుకొన్న తరువాత ఇంటర్నెట్‌ను ఆపండి. అప్పుడు మార్చండి. పని సాగితే అది మీ కంప్యూటరులోనే జరుగుతున్నదన్నమాట. పుటను మూసిన తరువాతనే ఇంటర్నెట్‌ను తిరిగి కలపండి.