పది పోటీలలో ఒక్క విజయము

గ్రామములలో ఆటల పోటీలు జరుగునపుడు మనము ప్రతి పందెములో మొదటివానిని మాత్రమే గుర్తింతుము. పరుగులో రెండవవాడు, దూకుటలో మూడవవాడు, గుండు విసరుటలో రెండవవాడు అయిన బాలుడు వట్టిచేతులతో ఇంటికి పోవును. అట్టివాని సామర్థ్యమును గుర్తించు పోటీ ఒకటి కలదు. అదియే డెకాథ్లాన్. పంచాయతీ సభ్యులు దీనిని గూర్చి తెలిసికొనుట మేలు.

ఈ పోటీ రెండు దినములు జరుగును. మొదటి దినమున 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, గుండు విసరుట, హైజంప్, 400 మీటర్ల పరుగు. రెండవ దినమున 110 మీటర్ల హర్డిల్స్, డిస్కస్ విసరుట, పోల్‌వాల్ట్, బల్లెము విసరుట, చివరకు 1500 మీటర్ల పరుగు ఉండును. ప్రతి దానిలో సాధించిన కాలమునకు, దూరమునకు, ఎత్తునకు నిర్ణీతమైన పట్టికను బట్టి పాయింట్లు లభించును. మొత్తము ఎవరికి ఎక్కువగా వచ్చునో వారే విజేతలు.

1912లో స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో అమెరికా ఆదివాసి యువకుడు జిమ్ థోర్ప్ ఈ పోటీలో గెలిచెను. లోగడ వేతనము తీసికొని బేస్‌బాల్ ఆడినాడను కారణమున 1913లో ఆయన పతకములను తీసివేసిరి. ఆయన 1953లో మరణించెను. 2022లో గాని ఆయనను తిరిగి ఏకైక విజేతగా ప్రకటింపలేదు. 1948లో లండన్‌లో 17 ఏండ్ల బాబ్ మథయాస్ గెలిచి, 1952లో మరల విజేత యయ్యెను.

1960 నాటి రోమ్ పోటీ మనకు మంచి పాఠము. అమెరికాకు చెందిన రేఫర్ జాన్సన్, తైవాన్‌కు చెందిన యాంగ్ ఒకే గురువు వద్ద శిక్షణ పొందిన మిత్రులు. పది పోటీలలో ఏడింట యాంగ్‌దే పైచేయి. కాని గుండు, డిస్కస్, బల్లెము విసరుటలలో జాన్సన్ సంపాదించిన ఆధిక్యము గొప్పది. చివరి పరుగులో యాంగ్ పది సెకండ్లకు పైగా ముందుండవలసి యుండగా, జాన్సన్ 1.2 సెకండ్ల వెనుకనే గమ్యము చేరెను. జాన్సన్‌కు 8,392, యాంగ్‌కు 8,334 పాయింట్లు వచ్చెను.

స్త్రీలకు ఏడు పోటీల హెప్టాథ్లాన్ 1984లో ఒలింపిక్ క్రీడలలో చేరెను. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో పశ్చిమ బెంగాల్‌కు చెందిన స్వప్నా బర్మన్ 6,026 పాయింట్లతో స్వర్ణము గెలిచెను. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో తెలంగాణ యువతి అగసార నందిని 5,712 పాయింట్లతో కాంస్యము పొందెను. నాలుగవ స్థానమునకు, ఆమెకు తేడా 4 పాయింట్లే! ఏ ఒక్క పోటీని అలక్ష్యము చేసినను ఆ పతకము దక్కెడిది కాదు.

మన గ్రామములలోను ఇట్టి పోటీని చిన్న ప్రమాణమున జరుపవచ్చును. చదునైన బడి ఆవరణ, ఇసుక నింపిన గుంట, కొలత టేపు, గడియారము ఉన్న చాలును. పరుగు, దూకుట, గుండు విసరుట అను మూడింటిని బాలబాలికలకు వేరువేరుగా జరిపి, ఒక్కొక్కరి స్థానములను కూడవలెను. మొత్తము తక్కువ వచ్చినవారికి బహుమతి నీయవలెను. గుండు విసరు దిక్కున ఎవరిని నిలువనీయరాదు. వచ్చే క్రీడోత్సవమున ఈ బహుమతిని కూడ చేర్చినచో, ఇంతవరకు మన దృష్టికి రాని బిడ్డలు మనకు కనబడుదురు.