రోగం తలరాత కాదు: భోజనంలో మితం



మన పేటల్లో ఎవరికైనా పక్షవాతం వచ్చినా, షుగర్ పుండు మానక కాలు తీసేసినా మొదట వినిపించే మాట ఒకటుంది: "ఏం చేస్తాం, రాత అలా ఉంది." ఇంకొందరు "ఏ జన్మలో చేసిన పాపమో" అంటారు. దీక్ష తీసుకున్న ఇళ్లలో కూడా ఈ మాట ఇంకా పోలేదు. బౌద్ధులమైన మనం దీన్ని ఎందుకు వదలాలో, దాని బదులు ఏం పట్టుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

బుద్ధుడు ఏం చెప్పాడు?

సంయుత్త నికాయంలో ఒక సంభాషణ ఉంది. సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుడి దగ్గరకు వచ్చి, "మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనని కొందరంటున్నారు, మీరేమంటారు?" అని అడిగాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం చెడితే బాధ వస్తుంది. రుతువు మారితే వస్తుంది. దెబ్బ తగిలితే వస్తుంది. ఒంటిని సరిగా చూసుకోకపోయినా వస్తుంది. ఇలా ఎనిమిది కారణాలు చెప్పి, కర్మను వాటిలో ఒకటిగా మాత్రమే లెక్కపెట్టాడు. బాబాసాహెబ్ మరింత ముందుకు వెళ్లి, గతజన్మ కర్మ సిద్ధాంతం బుద్ధుడిది కానే కాదని వాదించారు. పేదల దుస్థితికి సమాజం బాధ్యత తప్పించుకోవడానికే అది పనికొస్తుందన్నారు.

కారణం ఉన్న రోగాన్ని ఆపే దారి కూడా ఉంటుంది. నాలుగు ఆర్యసత్యాల వరస కూడా ఇదే కదా.

మన ఊళ్ల లెక్క

ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఒక సంవత్సరం పాటు జరిగిన మరణాలను పరిశోధకులు లెక్కగట్టారు. మొత్తం 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాల వల్ల పోయినవాళ్లు 12 శాతం. ఈ ప్రాంతంలోనే 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటిన వాళ్లను పరీక్షిస్తే సుమారు 13 శాతం మందికి షుగర్ ఉంది. వాళ్లలో సగం మందికి ఆ సంగతే తెలియదు! "షుగర్ డబ్బున్నోళ్ల జబ్బు, మనకెందుకొస్తుంది" అనే మాట ఇక చెల్లదు.

పళ్లెం ఎలా మారింది?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అంతా వరిచేలైంది. ఆ చేలలో నడుం వంచి నాట్లు వేసింది, కోతలు కోసింది మన తాతలు, అమ్మమ్మలే. రోజంతా ఒళ్లు వంచేవాళ్లు కాబట్టి పళ్లెం నిండా తిన్న అన్నం అరిగిపోయేది. అది కూడా దంపుడు బియ్యం, లేదంటే చోడి అంబలి. ఇప్పుడు భీమవరం చుట్టుపక్కల చాలా చేలు చెరువులయ్యాయి. మిగిలిన చేలలోకి కోత మిషన్లు వచ్చాయి. చాలామందికి ఒంటి కష్టం తగ్గింది కానీ అన్నం కుప్ప తగ్గలేదు. పైగా బియ్యం బాగా పాలిష్ పట్టి తెల్లగా వస్తున్నాయి. బలమున్న తవుడు గేదెకు పెట్టి, పిండి పదార్థం మనం తింటున్నాం. దానికి తోడు ఆవకాయ, ఉప్పుచేప, అప్పడం. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనం ఎంత తింటున్నామో ఒక్కరోజు కొలిచి చూడండి.

రాజుకూ తప్పలేదు

కోసల రాజు పసేనది కుంచాలకొద్దీ అన్నం తినేవాడు. ఒకరోజు అలా తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరకు వచ్చాడు. బుద్ధుడు తిట్టలేదు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధలు తగ్గుతాయని, నెమ్మదిగా ముసలితనం వస్తుందని చెప్పాడు. రాజు ఆ మాటలను సుదస్సనుడనే యువకుడికి నేర్పించి, తను భోజనానికి కూర్చున్నప్పుడల్లా వినిపించమన్నాడు. అందుకు రోజూ వంద కహాపణాలు ఇస్తానన్నాడు. మెల్లగా తిండి తగ్గింది, ఒళ్లు తేలికపడింది. దీన్నే పాళీలో 'భోజనే మత్తఞ్ఞుతా' అంటారు. భోజనంలో మితం తెలియడం అని అర్థం. రాజుకే గుర్తుచేసే మనిషి కావాల్సి వచ్చింది. మన ఇంట్లో ఆ పని భార్యో, భర్తో, బడికెళ్లే పిల్లో చేయొచ్చు. వాళ్లు చెప్పినప్పుడు విసుక్కోకండి.

ఇది మాంసం, చేపలు మానెయ్యమనే పాఠం కాదు. మన తిండిని చూపించి మనల్ని దూరం పెట్టిన లోకం ముందు మనం సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఏది మడి, ఏది మైల అన్నది మన ప్రశ్న కాదు. ఎంత తింటున్నాం, ఎంత ఉప్పుతో, ఎంత నూనెతో తింటున్నాం అన్నదే ప్రశ్న.

మందు విషయంలో మాత్రం 'మితం' అనే మాటే లేదు. అయిదో శీలం, 22 ప్రతిజ్ఞల్లో 17వది రెండూ మత్తును పూర్తిగా వదలమంటాయి. తాగుడు బీపీని పెంచుతుంది, కాలేయాన్ని తినేస్తుంది, పిల్లల ఫీజు డబ్బులు మింగేస్తుంది.

జబ్బును దాచకండి

బాబాసాహెబ్ మందు తాగలేదు, పొగ తాగలేదు. అయినా ఏళ్ల తరబడి షుగర్‌తో, నరాల నొప్పులతో బాధపడ్డారు. 1956 అక్టోబర్ 14న మనకు ధమ్మాన్ని ఇచ్చి, 53 రోజులకే 65 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. కాబట్టి జబ్బు రావడం తప్పు కాదు, సిగ్గు కాదు. తెలిసి కూడా దాచుకోవడం, మాత్రలు మధ్యలో ఆపేయడం వల్లే ముప్పు.

ఈ నెల ఆచరణ

1. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ చూపించుకోవాలి. పరీక్ష ఉచితం.
2. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోట తోటకూరో, పప్పో, కూరగాయో పెట్టుకోవాలి. రాత్రి పెందలాడే తినాలి.
3. పచ్చడి, ఉప్పుచేప రోజూ కాకుండా ఎప్పుడన్నా తినాలి.
4. రోజూ అరగంట చురుగ్గా నడవాలి. రొయ్యల షెడ్డులో నిలబడి చేసే పని నడక కిందకి రాదు.
5. ఉపోసథం నాడు మధ్యాహ్నం తర్వాత తినకుండా ఉండేవాళ్లలో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ముందు డాక్టర్ని అడగాలి. షుగర్ ఒక్కసారిగా పడిపోతే ప్రాణానికే ప్రమాదం.
6. జబ్బు చేసినవాళ్లను చూసి రండి. రోగికి సేవ చేస్తే తనకు చేసినట్టేనని బుద్ధుడు భిక్షువులకు చెప్పాడు.

వచ్చే ఆదివారం వందన తర్వాత ఒక ప్రశ్న మాట్లాడుకుందాం: మన పేటలో గత అయిదేళ్లలో 60 నిండకుండా పోయినవాళ్లు ఎంతమంది? అందులో ఎన్ని ప్రాణాలు నిలబెట్టుకోగలిగేవాళ్లం? పేర్లు తలుచుకుని, లెక్క రాసుకుని రండి.

జై భీమ్. నమో బుద్ధాయ.