ప్రశ్నలు - జవాబులు: ఏడాది ఫొటోల పద్దు

ప్రశ్న: ఈ ఏడాది పద్నాలుగు యాత్రలు చేశాను. మనాలి నుంచి మున్నార్ దాకా తిరిగి పదకొండు వేల ఫొటోలు తీశాను. డిసెంబరులో అన్నీ ముందేసుకుని కూర్చుంటే మనసుకు పట్టింది ఒక్కటీ కనిపించలేదు. వచ్చే ఏడాదికి పాతిక ఊళ్లు, రోజుకో ఫొటో అని లక్ష్యం పెట్టుకున్నాను. సరైనదేనా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సరైనది కాదు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం మీ ఉత్తరంలాంటివే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పద్నాలుగు యాత్రలకు పదకొండు వేలంటే యాత్రకు దాదాపు ఎనిమిది వందలు. అంతసేపూ మీ కన్ను తెరమీదే ఉంది. పైగా మీరు పదకొండు వేలూ ఒక్క రోజున చూశారు. అలా చూస్తే ఎవరికైనా విసుగే మిగులుతుంది. ఏడాదికి పన్నెండు మంచి ఫొటోలు వస్తే మంచి పంట పండినట్టేనని ఆన్సెల్ ఆడమ్స్ అనేవారట. కొండల్లో, లోయల్లో జీవితమంతా గడిపిన ఆయనకే పన్నెండు చాలినప్పుడు మనకూ చాలు.

ఆ పన్నెండు ఏరడానికి ఒక పద్ధతి చెబుతాను. మొదటి విడతలో బాగోలేనివి తీసేయకండి, బాగున్నవి ఎత్తి పక్కన పెట్టండి. తీసేయడం మొదలుపెడితే చేయి అలసిపోయి అన్నీ ఉంచేస్తాం. రోజుకు ఒక యాత్ర మాత్రమే చూడండి. రెండు వందలు తేలతాయి. వారం రోజులు వాటి జోలికి వెళ్లకండి. తర్వాత వాటిలోంచి యాభై ఎంచి ఊళ్లో కలర్ ల్యాబ్‌లో నాలుగు బై ఆరు సైజులో ప్రింట్లు వేయించండి. ఆ సైజుకు ఇరవై రెండు లక్షల పిక్సెళ్లుంటే సరిపోతుంది, మీ ఫోను అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. ఆ యాభైనీ చాపమీద పరిచి ఇంట్లోవాళ్లను పిలవండి. వాళ్లు ఏ ఫొటో దగ్గర వంగి చూస్తున్నారో గమనించండి. అక్కడే మీకు పన్నెండూ దొరుకుతాయి.

వారం ఆగమని ఊరికే అనలేదు. అమెరికాలో వీధి ఫొటోలకు పేరుపడ్డ గ్యారీ వినోగ్రాండ్ తీసిన ఫిల్మును ఏడాదీ అంతకుమించీ కడగకుండా ఉంచేవారు. తీసిననాటి సంబరం చల్లారితేగాని ఫొటో ఎలా ఉందో కనిపించదని ఆయన నమ్మకం. కానీ 1984లో ఆయన పోయేనాటికి కడగని ఫిల్ము చుట్టలే దాదాపు 2,500 మిగిలిపోయాయి. ఆయన తీసి, తాను చూడకుండానే వెళ్లిపోయిన బొమ్మలవి. ఆగడం మంచిదే. ఎన్నటికీ చూడకపోతే మాత్రం తీసిన శ్రమంతా వృథా. మీ పదకొండు వేలు మెమొరీ కార్డుల్లో పడుంటే వాటికీ అదే గతి.

ఏరిన పన్నెండింటి వెనకున్న వివరాలు తెరిచి చూడండి. ఏ గంటకు తీశారో, ఏ లెన్సుతో తీశారో ఫైలులోనే రాసి ఉంటుంది. పన్నెండులో తొమ్మిది ఉదయం ఎనిమిదిలోపు తీసినవైతే, మీ లక్ష్యం పాతిక ఊళ్లు కానక్కర్లేదు. తెల్లవారుజామున లేవడం చాలు.

ఇక అసలు మాట. గోదావరి ఒడ్డున ఇల్లు పెట్టుకుని మీరు మనాలి దాకా వెళ్లారు. మీ పద్నాలుగు యాత్రల్లో మీ నది లేదు. వచ్చే ఏడాది నెలకొకసారి, ఒకే ఘాట్‌లో, ఒకే మెట్టుమీద నిలబడండి. రాజమండ్రి నదికి తూర్పు గట్టున ఉంది కాబట్టి పొద్దున ఎండ మీ వీపుమీదుగా వచ్చి కొవ్వూరు వైపు నీళ్లమీద పడుతుంది. వల విసిరేవాడి ముఖం, నీటి చుక్కతో సహా కనిపిస్తుంది. సాయంత్రం సూర్యుడు కొవ్వూరు వెనక దిగుతాడు, అదే పడవ నల్లటి గీతలా మారిపోతుంది. జనవరిలో మంచులోంచి హేవలాక్ వంతెన స్తంభాలు ఒక్కొక్కటే తేలతాయి. 1900లో కట్టి, 1997లో రైళ్లు ఆపేసిన ఆ పాత వంతెనను రోజూ చూస్తూ చూడడం మానేసి ఉంటారు. వేసవిలో ఇసుక మేటలు బయటపడతాయి, ఆగస్టులో ఎర్రనీళ్లు మెట్లు మింగేస్తాయి, కార్తీకంలో ఆ నీళ్లమీదే దీపాలు కదులుతాయి. నిలబడ్డ చోటు మారకపోతే మారేదేమిటో కంటికి ఆనుతుంది.

రోజుకో ఫొటో అన్న ఆలోచన వదిలేయండి. ఫిబ్రవరి వచ్చేసరికి అది టిఫిన్ ప్లేటు ఫొటోకు దిగుతుంది. యాత్రలు మూడు చాలు. ఒక్కోచోట నాలుగు రాత్రులుండండి.

ప్రశ్న: కొత్త సంవత్సరంలో ఏ కెమెరా కొనమంటారు?
- డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మార్చి నెలాఖరుదాకా ఉన్న ఫోనుతోనే తీయండి నాయనా, తీయాలనుకుని తీయలేకపోయినవన్నీ ఒక నోట్‌బుక్కులో రాయండి, ఆ పట్టీతో మళ్లీ ఉత్తరం రాస్తే అప్పుడు చెబుతాను.

ప్రశ్న: మావారికి ఫొటోల పిచ్చి. మూడేళ్లుగా సెలవు దొరికితే పిల్లలతో సహా ఏదో ఒక జలపాతానికో కొండకో తీసుకెళతారు. అక్కడికి వెళ్లాక మాతో కూర్చుని ఒక్క ముద్ద తినరు. మూడేళ్ల ఫొటోల్లో నేను నాలుగింటిలో ఉన్నాను. నాలుగింటిలోనూ జలపాతం ఎంత పెద్దదో తెలియడానికి నన్ను నిలబెట్టారు. వచ్చే ఏడాదికి ఇరవై యాత్రలని గోడమీద కాగితం అంటించారు. ఏం చేయను?
- గృహిణి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి నా పాత ఆల్బములు తీసి చూసుకున్నాను. మా ఇంట్లోనూ ఆ తప్పు జరిగింది. అందుకే ఈ జవాబు మీవారికి రాస్తున్నాను, చదివించండి.

బాబూ, బొగత జలపాతం రేపు వానాకాలానికీ అలాగే దూకుతుంది. దాని పక్కన నిలబడ్డ మీ చిన్నవాడి పాలపళ్లు అప్పటికి ఉండవు. మీ భార్య కొలబద్ద కాదు. ఆమె ముఖం నిండుగా, జలపాతం వెనక మసగ్గా ఉండేలా ఒక్క ఫొటో తీయండి. కెమెరా అలా తీయడానికి వీలుగానే ఉంటుంది. ఆమెకు దగ్గరగా జరిగి, నంబరు తక్కువున్న ఎపర్చరు పెట్టి, కంటిమీద ఫోకస్ చేస్తే చాలు.

గోడమీది కాగితం చింపేయండి. కొత్త కాగితంమీద సగం ఊళ్లు ఆమె రాయాలి. ప్రతి యాత్రలోనూ చేరిన మొదటి పూట కెమెరా సంచిలోనే ఉండాలి. ఆ పూట చోటు చూడండి, పిల్లలతో నీళ్లలో దిగండి, అన్నం తినండి. మర్నాడు తీసే ఫొటోలు బాగుంటాయి, ఎందుకంటే అప్పటికి వెలుగు ఎటునుంచి వస్తుందో, మీవాళ్లు ఎక్కడ నవ్వుతారో మీకు తెలిసి ఉంటుంది. ఇంకొక మాట: కెమెరా ఆమె చేతికివ్వండి. మూడేళ్ల ఆల్బముల్లో మీరూ లేరు.

ప్రశ్న: ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు చేయిజారి కిందపడింది. రెండేళ్ల యాత్రల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. పెడితే టక్ టక్‌మని చప్పుడొస్తోంది, కంప్యూటరులో కనిపించడంలేదు. సాఫ్ట్‌వేరుతో బయటికి తీయొచ్చా?
- ప్రైవేటు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: మళ్లీ కరెంటు ఇవ్వకండి. ఆ చప్పుడు వస్తోందంటే లోపలి భాగాలు దెబ్బతిని ఉండొచ్చు. నడిపిన ప్రతిసారీ డేటా ఉన్న పళ్లెం గీసుకుపోవచ్చు. సాఫ్ట్‌వేరుతో పని కాదు. డిస్కు విప్పి డేటా తీసే నిపుణులకు చూపించండి, ఖర్చు ముందే అడగండి. ఆశ ఉంది, హామీ లేదు.

దొరికినా దొరకకపోయినా ఈ ఏడాది మీరు పెట్టుకోవాల్సిన లక్ష్యం ఒక్కటే. ప్రతి ఫొటోకు మూడు కాపీలుండాలి. అవి రెండు రకాల చోట్ల ఉండాలి, అందులో ఒకటి మీ ఇంటి బయట, ఆన్‌లైన్‌లోనో అన్నయ్యగారింట్లోనో ఉండాలి. యాత్ర నుంచి వచ్చిన రాత్రే, స్నానం కన్నా ముందు ఆ పని జరగాలి. మూడు కాపీలూ అయ్యేదాకా మెమొరీ కార్డు చెరపకండి.

ఆరో నిజాంకు ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఉండి, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ ఉన్నాయి. చేయిజారితే పగిలే గాజు నూరేళ్లు దాటింది, ఎందుకంటే దాన్ని ఎవరో ఒకరు పనిగట్టుకుని కాపాడారు. మీరూ ఏడాదికి పన్నెండు ఏరి, ప్రింటు వేయించి పెట్టెలో పెట్టండి. ప్రింటుకు కరెంటు అక్కర్లేదు.

ప్రశ్న: టీచరుగా రిటైరయ్యాను. వయసు అరవై మూడు, మోకాళ్ల నొప్పులు. అమ్మాయి మంచి ఫోను కొనిచ్చింది. ఈ వయసులో ఫొటోలు నేర్చుకుంటానంటే నవ్వుతున్నారు.
- రిటైర్డు ఉపాధ్యాయురాలు, హిందూపురం

జవాబు: నవ్వనివ్వండి టీచరుగారూ. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 1863లో తొలి కెమెరా ఇచ్చింది కూడా కూతురూ అల్లుడే. అప్పటికి ఆవిడకు నలభై ఎనిమిదేళ్లు. ఆ కాలంలో గాజు పలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీయాలి. అంత శ్రమకు ఓర్చి ఆవిడ తీసిన ముఖాలను ఫొటోగ్రఫీ చదివేవాళ్లు ఇప్పటికీ ముందుపెట్టుకుని చూస్తారు. మీకు ఆ రసాయనాల బాధ లేదు.

మీరు దూరం వెళ్లక్కర్లేదు. లేపాక్షి మీకు 15 కిలోమీటర్లు. సెలవురోజుల రద్దీ వదిలేసి మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి. పూర్తికాని కల్యాణ మండపానికి కప్పు లేదు కాబట్టి ఏటవాలు ఎండ నేరుగా స్తంభాల మీద పడి చెక్కడాల లోతు చూపిస్తుంది. మధ్యాహ్నం అదే శిల్పం చదునుగా కనిపిస్తుంది. లోపలి కప్పుమీద విజయనగర కాలంనాటి వర్ణచిత్రాలకు ఫ్లాష్ వేయకండి. భుజం స్తంభానికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే చేయి వణకదు. స్టాండు పెట్టాలంటే పురావస్తుశాఖ అనుమతి తీసుకోవాలి, మీకు దాని అవసరం లేదు. ఈ ఏడాదికి ఒక్క లేపాక్షి చాలు. ఒకసారి బసవన్న మెడలోని గంటలు మాత్రమే, ఇంకోసారి స్తంభాలు మాత్రమే తీయండి. ముప్ఫై ఏళ్లు ఒకే పాఠం ప్రతి ఏడాదీ కొత్తగా చెప్పినవారు మీరు. ఈ పని మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ప్రశ్న: నిరుటికన్నా ఈ ఏడాది నా ఫొటోలకు లైకులు సగం తగ్గాయి. ఎలా పెంచుకోవాలి?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీకు నచ్చిన ఫొటోను ఫ్రేము కట్టించి మీ అమ్మగారి గదిలో పెట్టండి, ఆవిడ ఏమందో నాకు రాయండి.

ప్రశ్న: ఏజెన్సీ సంతల్లో గిరిజనుల ఫొటోలు తీస్తుంటాను. అడిగితే సర్దుకుని నిలబడిపోతారు, సహజత్వం పోతుంది. అడక్కుండా తీయడం తప్పా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సంతంతా కనిపించేలా తీస్తే అది వేరు. ఒక మనిషి ముఖం తీస్తే అడగాలి. అడిగినప్పుడు సర్దుకుంటారు, నిజమే. ఒకటి తీసి చూపించండి, నవ్వుకుంటారు. తర్వాత అక్కడే అరగంట కూర్చోండి. అల్లమో పసుపో కొనండి. మీరున్నారన్న సంగతి మరిచిపోయి వాళ్లు బేరాల్లో పడతారు. మీరడిగిన సహజత్వం అప్పుడు వస్తుంది. వద్దంటే కెమెరా దించేయండి.

అడక్కుండా తీయడం కన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. అది నేను చేశాను. చాలా ఏళ్ల కింద ఒక చలికాలం రాజహంసల కోసం పులికాట్ వెళ్లాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది. ఆ దగ్గర్లో ఒక గట్టుమీద ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు. అడిగే తీశాను. "ఫొటో పంపిస్తావా అబ్బయ్యా?" అన్నాడు. తప్పకుండా అని అడ్రసు రాసుకున్నాను. పంపలేదు. రెండేళ్ల తర్వాత అటు వెళుతూ సిగ్గుపడి ప్రింటు వేయించి తీసుకెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఆయన భార్య పట్టింది. "అడ్రసు రాసుకుపోయింది నువ్వేగదా? పోస్టాయన్ని అడిగీ అడిగీ మానేశా" అంది.

ఆయన చేతులు పంచెకు తుడుచుకుని ప్రింటు అందుకున్నాడు. బొటనవేలు సరిగ్గా ఆయన ముఖంమీదే పడింది. తీయలేదు. వెనక, ఫోకస్‌లో కూడా లేని పడవను చూస్తున్నాడు. "ఇది నిరుడు తుపానుకు పోయింది" అన్నాడు. ఆ ఫొటోలో పడవ ఉందన్న సంగతి అప్పటిదాకా నేను గమనించలేదు. అది ఆయన చేతికి చేరేదాకా ఆ ఫొటో సగమే అయిందని ఆ గట్టుమీద తెలిసింది.

అప్పటినుంచి డిసెంబరులో నేను రాసే పద్దు ఒక్కటే. ఈ ఏడాది ఎవరెవరికి ఫొటో బాకీ ఉన్నాను? పేరు, ఊరు, పంపిన తేదీ. మీరూ మీ సంతల ఫొటోలు తిరగేసి అలాంటి పట్టీ రాయండి. అడ్రసు లేకపోతే వచ్చే వారం అదే సంతకు ప్రింట్లు పట్టుకెళ్లి, ఆ ముఖాలు చూపించి అడగండి, ఎవరో ఒకరు ఇల్లు చూపిస్తారు. సంక్రాంతిలోపు ఆ బాకీలు తీర్చి, తర్వాత కొత్త ఊళ్ల సంగతి ఆలోచించండి.