పప్పు ఉడికాకే పులుపు

భద్రాచలం

బుజ్జీ,

మొరాకో వాళ్ళ హరీరా ఎలా చెయ్యాలని అడిగావు. అక్కడ రంజాన్ నెలలో పొద్దుగూకగానే ఖర్జూరాలతో పాటు ఆ చారే తాగి ఉపవాసం విడుస్తారు. మసూర్ పప్పు, శనగలు, టమాటా, కొత్తిమీర, అల్లం, మిరియాలు, దాల్చినచెక్క వేస్తారు, చాలా ఇళ్ళలో మాంసం కూడా. సరే, చేద్దువుగాని. ముందు మన టమాటా పప్పుచారు చెయ్యి. అది కుదిరితే హరీరాకి నా అవసరం నీకుండదు.

పప్పు కొనేటప్పుడే సగం వంట అయిపోతుంది. జొన్నలో కలిపి పండించిన కందుల్ని కోయ ఆడవాళ్ళు వారసంతకు తెస్తారు చూడు, వాటిని దోరగా వేయించి తిరగలిలో విసిరిన పప్పు రుచే వేరు. ఖమ్మంలో నీకది దొరక్కపోవచ్చు. కనీసం కొత్త పప్పు అడిగి తెచ్చుకో. ఏడాది దాటి మూలన పడున్నది ఎంత ఉడికించినా పలుకు విడవదు. నీ గదిలో బోరు నీళ్ళంటున్నావు. అవి ఉప్పగా ఉంటే అందులోని సున్నం పప్పును మెత్తబడనివ్వదు. తాగడానికి తెచ్చుకునే డబ్బా నీళ్ళే పొయ్యి, పిసినారితనం వద్దు.

టీ గ్లాసుడు పప్పు గంటసేపు నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేసి ఉడికించు. నూనె వేస్తే పొంగదు. ఉప్పు ఎప్పుడు వేసినా నాకు పట్టింపు లేదు. టమాటా, చింతపండు మాత్రం ఇప్పుడే తగలనివ్వకు. గింజలోని కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ పులుపులో త్వరగా కరగదు. అందుకే తొందరపడి అన్నీ ఒకేసారి కుక్కర్లో పడేసిన వాళ్ళ చారులో నీళ్ళు పైన, పప్పు అడుగున. ఒక బద్ద తీసి రెండు వేళ్ళ మధ్య నలుపు. మధ్యలో తెల్లటి చుక్క కనబడిందా, ఇంకా కాలేదు. వెన్నలా జారిపోతే పప్పుగుత్తితో మెదిపి, ఇంకో నాలుగు గ్లాసుల నీళ్ళు కలుపు.

నాలుగు నాటు టమాటాలు, ఒక ఉల్లిపాయ వేరే గిన్నెలో తొక్క విడేదాకా మగ్గనిచ్చి, పప్పు నీళ్ళు అందులో పొయ్యి. హైబ్రిడ్ టమాటాలైతే పులుపు చాలదు, ఉసిరికాయంత చింతపండు నానబెట్టి పిండు. పది నిమిషాలు మరగాలి. పోపులో ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ. మీ ఖమ్మం యార్డు నుంచి చైనా దాకా పోయే తేజ మిర్చి రెండు చాలు. మూడోది వేస్తే ఆ రాత్రి నన్ను తిట్టుకుంటావు.

ఇక హరీరా. శనగలు ముందురోజు రాత్రే నానెయ్యి. వాళ్ళు టమాటా మొదట్లోనే వేస్తారు కాబట్టి గంటకు పైగా సన్నటి సెగ మీద ఉండాల్సిందే, గ్యాస్ చూసుకో. అందులో వేసే సెలరీ దొరక్కపోతే కొత్తిమీర కాడలు తరిగి వెయ్యి, కొంచెం తేడాగా ఉంటుంది కానీ బాగుంటుంది. మనం పప్పు మెదిపి తెచ్చే చిక్కదనం వాళ్ళు పిండితో తెస్తారు. రెండు చెంచాల మైదా చల్లటి నీళ్ళలో జారుగా కలిపి, ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తిప్పుతూనే ఉండు. చెయ్యి ఆగితే ఉండలు కడుతుంది. పిండివాసన పోయేదాకా మరిగాక దించి నిమ్మరసం పిండు. గిన్నెలో పోసుకుని తాగు, అన్నంలో కలపకు.

పప్పుచారు మిగిలితే మర్నాడు ఇడ్లీలోకి వాడుకో. రాత్రికి చిక్కబడుతుంది, కాసిని వేడినీళ్ళు కలిపి మరిగించు.

మీ అమ్మమ్మ